అఫ్ఘాన్ ఇళ్ళలో కుట్టుపని: తాలిబన్ల ఆంక్షల నడుమ స్త్రీలు వ్యాపారం నిలుపుకునే విధానం

కాబూల్‌లో ఇంటిపట్టున కుట్టుపని చేసుకుని బతికే ఒక స్త్రీ తన లెక్కల పుస్తకంలోని ఒక పేజీని ఫొటో తీసి నాకు పంపింది. పేజీని నిలువుగా నాలుగు గడులుగా గీసుకుంది. మొదటి గడిలో బట్టలు కుట్టించుకునేవారి పేర్లు లేవు. పేరు ఉండవలసిన చోట దానిమ్మపండో, తాళంచెవో, జత గాజులో, ఏదో ఒక చిన్న బొమ్మ ఉంది. రెండో గడిలో ఎన్ని బట్టలు, ఎప్పటికి ఇవ్వాలి అన్నది రాసుకుంది. మూడో గడిలో దారం, గుండీలు, లైనింగు, బ్యాటరీ ఖర్చు ఉన్నాయి. నాలుగో గడికి ‘ముజ్ద్’ అని పేరు పెట్టింది. దరీ భాషలో ఆ మాటకు కూలి అని అర్థం. ఇంట్లో ఎవరు అడిగినా అడగకపోయినా, ప్రతి బట్టకూ తన చేతి కష్టానికి ఇంత అని ఆమె రాసుకుంటూ వచ్చింది. ఇంటి పనివారి లెక్కల పుస్తకాలు నేను చాలా చూశాను గాని, ఈ నాలుగో గడి ఉన్నవి బహు తక్కువ.

ఇటువంటి స్త్రీలకు దూరం నుంచి పని నేర్పేవారికీ, సలహా చెప్పేవారికీ, వారి సరుకు కొనదలచినవారికీ పనికివస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను. వీధి తలుపు దగ్గర ఎవరు నిలబడినా, బజారుకు ఎవరు వెళ్ళినా, లెక్క మాత్రం పని చేసే ఆడమనిషి చేతిలోనే ఉండాలి అన్నది నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి. కింద వివరించే జాగ్రత్తలన్నీ ఆ లెక్కను ఆమె చేయి దాటిపోకుండా కాపాడుకోవడానికే.

ముందుగా నిబంధనల సంగతి స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే ఏ పని ఎంచుకోవాలన్నది వాటి మీదే ఆధారపడి ఉంటుంది. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌ను స్వాధీనం చేసుకున్న తరువాత, ఆరో తరగతి దాటిన బాలికల చదువు ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో, 72 కిలోమీటర్లకు మించి ప్రయాణించే స్త్రీ వెంట మహ్రమ్, అంటే దగ్గరి బంధువైన మగవాడు, ఉండి తీరాలన్నారు. 2022 డిసెంబరులో స్త్రీలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూశారు, ఆ తరువాత కొద్ది రోజులకే స్వచ్ఛంద సంస్థల్లో స్త్రీల ఉద్యోగాలను నిషేధించారు. 2024 ఆగస్టులో ప్రకటించిన 35 అధికరణాల చట్టం, ఇంటి బయట స్త్రీ గొంతు వినపడటం కూడా తగదని చెప్పి, ప్రాణుల బొమ్మలను, ఫొటోలను కూడా నిషేధాల్లో చేర్చింది. ఇన్నిటి తరువాత మిగిలింది ఇల్లు. ఇంట్లో స్త్రీలు స్త్రీల కోసం చేసే పనిని ఇప్పటి పాలకులు చాలావరకు సహించారు, కొన్ని వ్యాపారాలకు అనుమతి పత్రాలు కూడా ఇస్తున్నారు. ఆ సహనానికి హద్దు ఎక్కడుందో ఊరిని బట్టి, అధికారిని బట్టి మారుతుంది గనుక, పక్క వీధిలో చెల్లిన పని తన వీధిలోనూ చెల్లుతుందని ఎవరూ అనుకోకూడదు.

పని ఎంపికలో మొదట చూడవలసింది లాభం కన్నా మీద పడే అపాయం ఎంత అన్నది. అలంకరణ పని ఎంత బాగా వచ్చినా దాన్ని ఇప్పుడు జీవనాధారంగా పెట్టుకోమని నేను సలహా ఇవ్వలేను. 2023 జూలైలో దేశమంతటా బ్యూటీపార్లర్లను మూయించారు. దాదాపు 12,000 పార్లర్లు, 60,000 మంది స్త్రీల ఉపాధి పోయాయని అఫ్ఘాన్ మహిళా వాణిజ్య మండలి అంచనా వేసింది. ఆ ఉత్తర్వును వ్యతిరేకిస్తూ కాబూల్ వీధిలో నిలబడిన స్త్రీలను గాలిలోకి కాల్పులు జరిపి, నీళ్ళ గొట్టాలతో చెదరగొట్టారు. కళ్ళ ముందు అంత జరిగాక కూడా ఇంట్లో చాటుగా ఆ పని కొనసాగిస్తున్న వారి తెగువను నేను గౌరవిస్తాను, కాని పట్టుబడితే పోయేది సామాను ఒక్కటే కాదు గనుక, కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ దారి చూపకూడదు.

కుట్టుపని, ఎంబ్రాయిడరీ, తివాచీ నేత, పచ్చళ్ళు, మురబ్బాలు, ఎండబెట్టిన పండ్లు, ఖురూత్ అనే ఎండు పెరుగు ఉండలు, ఇవి తరతరాలుగా ఇంటి పనులుగానే చెలామణీ అవుతున్నాయి. ఏ ప్రాంతానికి ఏ పని పేరుందో దానినే పట్టుకోవడం మంచిది: కందహార్ స్త్రీల ఖామక్ ఎంబ్రాయిడరీకి, ఉత్తరాన అంద్‌ఖోయ్, ఆఖ్చా వైపు తుర్క్‌మెన్ కుటుంబాల తివాచీలకు కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. కాబూల్‌లో అయితే దర్జీ పనికి తెరిపి ఉండదు, ఎందుకంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మగ దర్జీ దగ్గరికి వెళ్ళి కొలతలు ఇవ్వలేరు, రెండు ఈద్ పండుగలకు ముందు, పెళ్ళిళ్ళ రోజుల్లో కొత్తబట్టలు కావలసిందే.

తలుపు దగ్గర నిలబడేవారు

2022 మే నెలలో వచ్చిన హిజాబ్ ఉత్తర్వు ప్రకారం, స్త్రీ నిబంధన తప్పితే శిక్ష ఆమె ఇంటి మగవాడికి పడుతుంది. దీని పర్యవసానాన్ని బయటివారు సరిగా గ్రహించరు. తండ్రో, భర్తో, తమ్ముడో స్వభావరీత్యా కఠినుడు కాకపోయినా, భయం చేత తానే ఇంట్లో కావలివాడుగా మారతాడు. కాబట్టి వ్యాపారం మొదలుపెట్టక ముందే ఆ మనిషితో కూర్చుని మాట్లాడుకోవాలి: ఇంటికి ఎవరు వస్తారు, ఏ వేళల్లో వస్తారు, ఎవరైనా వచ్చి అడిగితే ఏమని చెప్పాలి, అనుమతి పత్రం, గుర్తింపు కార్డు ఎక్కడ ఉంటాయి. జవాబు అందరి నోటా ఒక్కటే రావాలి, అది నిజమే అయి ఉండాలి. "మా ఇంటి ఆడవాళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుడతారు" అన్న నిజాన్ని మించి దాచవలసిన పని ఏదీ ఇంట్లో పెట్టుకోకపోతే, ఆ మాట తొణక్కుండా చెప్పగలుగుతారు.

దారం, బట్ట, జిప్పులు టోకున తేవడానికి కాబూల్‌లోని మండవీ బజారు వంటి చోటికి మగవాడు వెళ్ళడం ఎక్కువ ఇళ్ళలో తప్పదు. అతనికి చీటీ రాసి ఇవ్వాలి, దారం రంగు తప్పకుండా ముక్క కత్తిరించి ఆ చీటీకి కుట్టి ఇవ్వాలి, తిరిగి వచ్చాక మిగిలిన చిల్లరతో సహా చీటీని పుస్తకంలో అంటించుకోవాలి. దారి ఖర్చు ఎంతో, అతని శ్రమకు ఏమైనా ఇవ్వదలచుకుంటే అదెంతో ముందే చెప్పుకుని విడిగా రాయాలి. ఇది కుటుంబాన్ని అనుమానించడం అని కొందరు బాధపడతారు. నా అనుభవంలో, చీటీ లేని ఇంట్లోనే తగాదాలు ఎక్కువ. మగ దిక్కు లేని విధవరాళ్ళ ఇళ్ళలో వీధిలో అందరూ ‘ఖాలా’ అని పిలిచే పెద్దావిడ ఎవరైనా, అంటే పిన్నమ్మ వరుసలో మెలిగే మనిషి, ఈ పని చేసిపెడుతుంది. ఆమె శ్రమకూ లెక్కలో చోటు ఉండాలి.

గది, వెలుతురు, మిషను

పని గది వీధి వైపు కాక లోపలి వైపు ఉండాలి. 2024 డిసెంబరులో, స్త్రీలు మసలే వంటగది, పెరడు, బావి కనిపించేలా పక్క ఇళ్ళకు కిటికీలు ఉండకూడదని ఉత్తర్వు వచ్చాక, చాలా ఇళ్ళలో ఉన్న కిటికీలకు కూడా దుప్పట్లు కట్టి కూర్చుంటున్నారు. అలా పూర్తిగా మూసేస్తే కళ్ళు పాడవుతాయి. కిటికీ కింది సగానికి పల్చటి తెల్లని గుడ్డ కట్టి, పై సగం వదిలేస్తే చూపు ఆగుతుంది, వెలుతురు ఆగదు. కత్తిరింపు, కాజాలు, ముదురు రంగు బట్ట మీద పని ఉదయపు వెలుతురులో ముగించుకుని, నేరుగా పోయే పొడవు కుట్లను సాయంత్రానికి ఉంచుకోవాలి.

శీతాకాలంలో కాబూల్ ఇళ్ళలో బల్ల కింద నిప్పుల కుంపటి పెట్టి, పైన పెద్ద బొంత పరిచి దాని చుట్టూ కూర్చుంటారు. దాన్ని సందలీ అంటారు. చేతి ఎంబ్రాయిడరీకి అది హాయిగా ఉంటుంది, కాని కిటికీలు బిగించిన గదిలో బొగ్గు పొగ ప్రాణాంతకం. గంటకొకసారి తలుపు తీసి గాలి ఆడనివ్వడం పనిలో భాగమేనని నేర్పేవారు తప్పక చెప్పాలి.

దేశానికి కావలసిన విద్యుత్తులో అధిక భాగం ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్‌ల నుంచి రావాలి, చలికాలంలో కోతలు తప్పవు. అందుచేత విద్యుత్ మోటారు ఉన్న మిషను ఒక్కటే కొనిపెట్టడం తెలివైన సాయం కాదు. చేత్తో తిప్పే మిషనో, కాలితో తొక్కేదో ఒకటి ఉండాలి, దీపానికి చిన్న సౌర ఫలకం, బ్యాటరీ ఉంటే మేలు. సూదులు, బాబిన్లు, బెల్టు వంటి విడిభాగాలు మూడు నెలలకు సరిపడా నిల్వ ఉంచుకోవాలి. రెండు మిషన్లు ఉన్నప్పుడు ఒకదాన్ని అక్కచెల్లెళ్ళ ఇంట్లోనో, దగ్గరి బంధువుల ఇంట్లోనో ఉంచితే, ఒక ఇంట్లో పని ఆగినా రెండో ఇంట్లో సాగుతుంది.

బేరం, కొలతలు, ధర

కొత్త ఖాతాదారు ఎప్పుడూ పాత ఖాతాదారు పరిచయంతోనే రావాలి. బోర్డు పెట్టరాదు, ఒకే వేళకు అయిదారుగురు గుమ్మం ముందు చేరేలా గడువులు ఇవ్వరాదు. ఒంటి మీద కొలత తీసుకునే వీలు లేనప్పుడు సరిగ్గా అమరే పాత బట్టను ఆదిగా పంపమనాలి. ఆది బట్టను నేల మీద పరిచి భుజం, చంక, నడుము, పొడవు కొలిచి పుస్తకంలో ఎక్కించుకుంటే రెండోసారి ఆది కూడా అక్కర్లేదు. నాకు పేజీ పంపిన స్త్రీ మరొక ఉపాయం కూడా చెప్పింది: ఖాతాదారు ఇంట్లో టేపు లేకపోతే ఒక దారానికి ఛాతీ చుట్టుకు ఒక ముడి, నడుముకు రెండు ముళ్ళు, పొడవుకు మూడు ముళ్ళు వేసి పంపమంటుందట. దారం పంపడం మాట పంపడం కన్నా నమ్మకమైన పని, ఎందుకంటే నోటి లెక్క దారిలో మారిపోతుంది, ముడి మారదు.

ధర కట్టేటప్పుడు చాలామంది స్త్రీలు సామాను ఖర్చు కూడి, దాని మీద కొంచెం వేసి, అదే ధర అనుకుంటారు. ఒక బట్టకు దారం, గుండీలు, లైనింగుకు 90 అఫ్ఘానీలు (అఫ్ఘానీ అక్కడి కరెన్సీ), దీపానికి, మిషను అరుగుదలకు 20 అఫ్ఘానీలు అయ్యాయనుకుందాం. ఆ బట్టకు అయిదు గంటలు పట్టింది. గంటకు 30 అఫ్ఘానీలు తన కూలి అని ఆమె నిర్ణయించుకుంటే కూలి 150 అవుతుంది, మొత్తం 260. ఖాతాదారు 200కే ఇవ్వమంటే, తగ్గేది ఎక్కడి నుంచి అన్నది ఆమెకు కనబడాలి: దారం కొట్టువాడు తగ్గించడు, బ్యాటరీ తగ్గించదు, తగ్గేదంతా ఆమె కూలిలోంచే. ఒప్పుకోవడమా మానడమా అన్నది ఆమె ఇష్టం, కాని ఏమి వదులుకుంటోందో తెలిసి ఒప్పుకోవడం వేరు. ఈ అంకెలు ఊహించినవే. ఎవరి ఊళ్ళో ధరలు వారు వేసుకోవాలి.

తివాచీ నేసేవారికి దీనికన్నా పెద్ద చిక్కు ఉంది. నూలు, నమూనా వ్యాపారి ఇస్తాడు, నేసిన చదరపు మీటరుకు ఇంత అని కట్టి ఇస్తాడు, తరచు ముందుగానే బయానా ఇస్తాడు. ఆ బయానా తీరేలోపు ఇంకొక తివాచీ మొదలవుతుంది, ఆ ఇంటి స్త్రీలు ఏళ్ళ తరబడి ఒకే వ్యాపారికి కట్టుబడిపోతారు. ఒక తివాచీకి తీసుకున్న బయానా ఆ తివాచీతోనే తెగిపోవాలని ముందే మాట తీసుకోవాలి. నూలు వచ్చిన రోజే తూకం వేసి రాసుకోవాలి. మిగిలిన నూలును, తెగిన పోగులను కూడా తూకం వేసి తిరిగి ఇవ్వాలి. లేకపోతే నూలు తక్కువైందన్న నెపంతో కూలి కోసుకుంటారు. ఉన్ని ధూళికి ముక్కు మీద గుడ్డ కట్టుకోవడం, రెండు గంటలకొకసారి మగ్గం ముందు నుంచి లేవడం ఎవరూ చెప్పకపోయినా చేయాలి, చిన్నపిల్లలను మగ్గం ముందు కూర్చోబెట్టకూడదు.

డబ్బు ఎక్కడ ఉండాలి

2021లో బ్యాంకుల మీద వారానికి 200 డాలర్లో 20,000 అఫ్ఘానీలో మాత్రమే తీసుకోవాలన్న పరిమితి పెట్టినప్పుడు, దాచుకున్న సొమ్ము కళ్ళెదుట ఉన్నా చేతికి రాని పరిస్థితిని అఫ్ఘాన్ కుటుంబాలు అనుభవించాయి. తరువాత ఆ పరిమితి సడలింది గాని, నమ్మకం తిరిగి రాలేదు. అందుచేత ఇంటి వ్యాపారపు సొమ్మును మూడు భాగాలు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. వచ్చే వారం సామానుకు కావలసినది నగదుగా ఉంచాలి. మూడు వారాల తిండికి సరిపోయేది ఎవరడిగినా తీయకుండా వేరుగా ఉంచాలి. మిగిలిన దానిని దారంగా, బట్టగా, అంటే పాడవని సరుకుగా మార్చుకోవచ్చు, లేదా బాగా తెలిసిన నలుగురైదుగురు స్త్రీలు కలిసి చీటీ వేసుకోవచ్చు. చీటీలో నలుగురి పుస్తకాల్లోనూ ఒకే లెక్క ఉండాలి, ఎవరి ఇంట్లోనైనా సోదా జరిగి పుస్తకం పోయినా లెక్క పోకూడదు.

మూడు వారాలు అని ఎందుకంటున్నానంటే, ఆదేశాలు రాత్రికి రాత్రి వస్తాయి, కొన్ని అంత త్వరగానే వెనక్కి పోతాయి కూడా. మొదటి తాలిబన్ పాలనలో ప్రపంచ ఆహార కార్యక్రమం సాయంతో కాబూల్ విధవరాళ్ళు రొట్టెల బట్టీలు నడిపేవారు. 2000 ఆగస్టులో వాటిని మూసివేయమన్నారు, ఆ వెంటనే ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకున్నారు. అటువంటి రోజుల్లో చేతిలో నిల్వ ఉన్న స్త్రీ ఆగి చూడగలుగుతుంది, లేని స్త్రీ మిషను అమ్ముకుంటుంది.

నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు

బడి ఆగిపోయిన అమ్మాయిలు పని నేర్చుకుంటామని వస్తారు, వారిని కాదనడం ఎవరికీ సాధ్యం కాదు. 1990ల్లో హెరాత్‌లో ‘బంగారు సూది’ పేరుతో నడిచిన కుట్టు తరగతిలో స్త్రీలు సంచిలో పైన గుడ్డలు, కింద పుస్తకాలు పెట్టుకుని వచ్చి, విశ్వవిద్యాలయ ఆచార్యుని దగ్గర సాహిత్యం చదువుకున్నారు. తరువాత కవయిత్రిగా పేరు తెచ్చుకున్న నాదియా అంజుమన్ ఆ తరగతిలోనే కూర్చున్నది. ఆ కథ విన్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది, కాని అక్కడ వాకిట్లో ఆడుకుంటూ కాపలా కాసింది పిల్లలు. పిల్లల మీద ఆ భారం పెట్టకుండా నడపగలిగినంత వరకే పెద్దలు తరగతిని పెంచాలి. ఒక గదిలో నలుగురైదుగురు చాలు. నేర్చుకునే కాలం ఎంతో, ఏ రోజు నుంచి కూలి మొదలవుతుందో చేరిన రోజే చెప్పాలి, ఆ అమ్మాయికి కూడా తన పేరున ఒక లెక్కల పుస్తకం ఇవ్వాలి. కొలతలు కూడడం, తూకం లెక్క, కూలి లెక్క, చీటీ రాయడం, ఇవి చేయిస్తే గణితం, చదువు కొంతైనా నిలుస్తాయి.

బయటి నుంచి కొనేవారు పాటించవలసినవి

సరుకు ఫొటోలో మనిషి ముఖం, ఇంటి గోడ, కిటికీలోంచి కనిపించే కొండ, ఏదీ ఉండకూడదు. బట్టను తెల్లటి గుడ్డ మీద పరిచి తీయమనాలి. ఆమె కథను, ఊరి పేరును అమ్మకానికి వాడుకోకూడదు. ఆ కథ ఎవరి చేతికి చేరుతుందో మనకు తెలియదు. నమూనాల సంభాషణ పూర్తయ్యాక ఫోనులోంచి తీసేయమని గుర్తుచేయాలి, అసలు ఆర్డరు మాత్రం కాగితం మీద ఆమె దగ్గర ఉండేలా చూడాలి. 2025 సెప్టెంబరు 29న దేశమంతటా ఇంటర్నెట్ ఆపివేసి దాదాపు రెండు రోజుల తరువాత ఇచ్చారు. ఆర్డర్లన్నీ ఫోనులోనే ఉన్నవారికి ఆ రెండు రోజులు ఏమి కుట్టాలో తెలియని స్థితి.

డబ్బు పంపే విషయంలో తొందరపడకూడదు. కాబూల్‌లో సరాయ్ షహ్‌జాదా అనే డబ్బు మార్పిడి బజారు ద్వారా హవాలా నడవడం అక్కడ మామూలు సంగతి, కాని భారతదేశం నుంచి హవాలాలో సొమ్ము పంపడం చట్టవిరుద్ధం. కనుక ఇక్కడి వారు నమోదైన సంస్థల ద్వారా, ఎగుమతి దిగుమతి నమోదు ఉన్న వ్యాపారుల ద్వారా కొనాలి, ఆ సంస్థ కుట్టినవారికి బట్టకు ఎంత కూలి ఇస్తున్నదో అడిగి తెలుసుకోవాలి. భారతదేశపు స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ గతంలో కాబూల్‌లోని బాగ్-ఏ-జనానాలో విధవరాళ్ళకు కుట్టుపని, ఎంబ్రాయిడరీ నేర్పింది. ఇటువంటి పని ఇక్కడివారికి కొత్త కాదు.

ఆర్డరు చీటీలో గడువు అన్నచోట రెండు తేదీలు రాయండి. మొదటిది పని సవ్యంగా సాగితే ఇచ్చే తేదీ. రెండోది ఇంటర్నెట్ ఆగినా, దారి మూసినా, ఇంటి మగవాడు ఊళ్ళో లేకపోయినా ఇవ్వగలిగే తేదీ. రెండో తేదీ దాటే వరకు కూలిలో ఒక్క అఫ్ఘానీ కూడా కోయబోమని, సామాను ఖర్చు ముందుగానే చెల్లిస్తామని కింద రాసి సంతకం పెట్టండి. ఆ కాగితాన్ని ఆమె నాలుగో గడి ఉన్న పేజీకి ఎదురుగా అంటించుకుంటుంది.